పద్నాలుగో నంబరు వైస్

ఆ వైస్ కంటపడగానే ఎర్నీ నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "వద్దు."

నెవిల్ వినిపించుకోలేదు. మూతపడి పదకొండేళ్లయిన హార్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో స్టోరు గది ఖాళీ చేస్తున్నారని తెలిసి, షెఫీల్డ్‌లో పాత పనిముట్ల పిచ్చి ఉన్నవాళ్లంతా ఆ శనివారం పొద్దున్నే వచ్చి వాలారు. ఆకురాళ్లూ డ్రిల్లులూ గంట తిరక్కుండా మాయమయ్యాయి. బల్లకి బిగించి, పని చేసే ఇనుముని రెండు దవడల మధ్య పట్టి ఉంచే ఈ వైస్ మాత్రం రెండు పెట్టెల వెనకాల, గోనెపట్టాలో చుట్టి, మూలన పడుంది. ముప్ఫై కిలోల పైమాటే. మీద ఆకుపచ్చ రంగు. పక్కన ఉలితో కొట్టిన అంకె, 14.

ఫ్యాక్టరీలో పద్నాలుగో పని బెంచి నెవిల్ వాళ్లన్నయ్య రోలాండ్‌ది.

నలభై ఆరేళ్ల కిందట, నవంబరులో ఒక మంగళవారం, ఈ వైస్‌లో ఒక బరువైన ఇరుసు పెట్టి బిగిస్తూ రోలాండ్ వెనక్కి పడ్డాడు. తల వెళ్లి ఇనుప బల్ల అంచుకి తగిలింది. రెండో రోజు ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్లు. భార్య బెరిల్‌కి ఏడో నెల. ఎక్కువ బలం పట్టడానికి వైస్ పిడికి పొడుగాటి పైపు తొడిగి బిగించాడనీ, పైపు జారి పడ్డాడనీ, అది అతని నిర్లక్ష్యమేననీ విచారణలో తేల్చారు. పైపు తొడగడం నేను చూశానని అక్కడ నిలబడి చెప్పింది, అప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే పని నేర్చుకుంటున్న పదిహేడేళ్ల నెవిలే.

"ఇది ఇక్కడే ఉందన్నమాట ఇన్నాళ్లూ," అన్నాడు నెవిల్.

"ఉంటే ఉంది. దాన్ని ఇంట్లో పెట్టుకుని రోజూ చూస్తావా? వద్దు అబ్బాయ్, పద." అరవై మూడేళ్లు వచ్చినా ఎర్నీకి నెవిల్ అబ్బాయే. ఆయనకి డెబ్బై ఎనిమిది, అదే ఫ్యాక్టరీలో నెవిల్‌కి పని నేర్పినవాడు.

ఆ ఇద్దరూ కలిసి పాత వైస్‌లు కొనడం మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో వాళ్లకే గుర్తులేదు. కొనడం, విప్పడం, తుప్పు వదిలించడం, విరిగింది అతకడం, రంగేసి మళ్లీ ఎవరికో అమ్మడం. నెవిల్ జేబులో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉంటుంది. ఏ వైస్ కొనాలన్నా ముందు దాని దవడ మీద కొట్టి చూస్తాడు. బాగున్న ఇనుము గంటలా పలుకుతుంది. అలవాటుగా కొట్టాడు.

బీటలిచ్చిన కుండలా మోగింది.

"విన్నావా?" అన్నాడు ఎర్నీ వెంటనే. "పగిలింది. పాత ఇనుముకి పోయేది. నీకేమైనా మతి పోయిందా?"

అమ్మేవాడు పక్కనుంచి నవ్వాడు. "మీ నాన్నగారు కొననిచ్చేలా లేరే!"

"ఆయన మా నాన్న కాదు. ఇంకా ఎక్కువే," అన్నాడు నెవిల్. అడిగినంతా ఇచ్చేశాడు, బేరం కూడా ఆడలేదు. ఎర్నీ ఒక చెయ్యి వేస్తే గాని అది వ్యాను ఎక్కలేదు.  ఇంటి దగ్గర దింపినప్పుడు ముసలాయన వ్యాను తలుపు పట్టుకుని, "ఆ రంగు అలాగే ఉండనీ. పాత రంగే బాగుంటుంది," అన్నాడు.

జీవితంలో ఒక్క వైస్‌కి కూడా పాత రంగు ఉంచనివ్వని మనిషి ఆయన.

సోమవారం పొద్దున నెవిల్ పెరట్లో షెడ్డు తెరిచి పనిలోకి దిగాడు. మర విప్పాడు. కదిలే దవడని బయటికి లాగాడు. నలభై ఆరేళ్ల గ్రీజు నల్లటి మైనంలా గట్టిపడి ఉంది. కిరసనాయిలు పోసి తోమాడు. దవడని బల్ల మీద పెట్టి, రంగు ఊడదీసే మందు పూసి, టీ తాగొచ్చేసరికి రంగు బొబ్బలెక్కింది. గీకే రేకుతో గీకడం మొదలుపెట్టాడు.

ముందు ఊడింది చిన్న మరక, అరచేయంత. అదీ ఆకుపచ్చే గాని, కింది ఆకుపచ్చకంటే ఒక వన్నె ముదురు. ఎవరో తర్వాత అద్దిన రంగు. దాని కింద అసలు రంగు మీద వెంట్రుకంత గీత, దవడ మొదట్లో, ఈ చివర నుంచి ఆ చివరకి. నెవిల్ కళ్లజోడు సర్దుకున్నాడు. అసలు రంగు కూడా గీకాడు. గీత మరింత స్పష్టమైంది. అది ఇనుములో లేదు. పసుపుపచ్చని ఇత్తడిలో ఉంది.

అంటే ఈ దవడ ఒకసారి విరిగింది. ఇత్తడితో అతికారు. ఆ అతుకు మీద ఆకుపచ్చ రంగేశారు. తర్వాత అతుకు మళ్లీ నెర్రె ఇచ్చింది. ఆ నెర్రె కనపడకుండా ఇంకెవరో రంగద్దారు.

నెవిల్ అక్కడే పీట మీద కూలబడ్డాడు. ఆ ఆకుపచ్చ ఎప్పటిదో అతనికి తెలుసు. అంతకు ముందు ఫ్యాక్టరీలో అన్నీ బూడిదరంగే. ఆ ఏడాది మే నెలలో రాచకుటుంబంలోంచి ఎవరో చూడ్డానికి వస్తున్నారని, గోడలతో మొదలుపెట్టి వైస్‌ల దాకా అన్నిటికీ ఆకుపచ్చ పూయించారు. రోలాండ్ పడింది నవంబరులో. ఆ తర్వాత ఈ వైస్ స్టోరులోకి పోయింది, మళ్లీ వాడలేదు. కాబట్టి మే నెలకి ముందే ఇది విరిగి, అతికి ఉంది. ఆ మంగళవారం పైపు దానంతటది జారలేదు. అతుకు లొంగింది, దాంతో పైపు జారింది. పైపు అందరూ తొడిగేవాళ్లే. రోజూ తొడిగేవాళ్లు. ఎవడూ చావలేదు.

నలభై ఆరేళ్లుగా మోస్తున్నది ఒక్క క్షణం పాటు తేలికైంది. తప్పు అన్నయ్యది కాదు.

తర్వాత అతని వేలు అతుకు మీదికి పోయింది. పోత ఇనుము పైన బత్తాయి తొక్కలా గరుకుగా ఉంటుంది. దాని పక్కన ఆకురాయితో సాపు చేసిన అతుకు నున్నగా ఉంటే రంగేసినా తెలిసిపోతుంది. అందుకని కొందరు మొద్దు ఉలితో అతుకంతా సన్నగా పొడుస్తారు. కొందరనేమిటి, నెవిల్ ఎరిగినంతలో ఒక్కడే. ఆ ఒక్కడిదీ ఎడమ చెయ్యి. పొడిచిన చుక్కలన్నీ కుడివైపుకి వాలి ఉంటాయి. ఈ చుక్కలు కూడా కుడివైపుకే వాలాయి. ఆ పని నెవిల్‌కి నేర్పిందీ ఆయనే.

ఆ మధ్యాహ్నమే దవడని పాత తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టుకుని ఎర్నీ ఇంటికి వెళ్లాడు. ముసలాయన వంటింట్లో బీన్స్ డబ్బా వేడి చేసుకుంటున్నాడు. సంచి వంక చూసి స్టవ్ ఆర్పేశాడు.

"గీకావన్నమాట."

"ఇది నీ చెయ్యే కదూ?"

"నా చెయ్యే."

"ఎప్పుడు?"

"ఏప్రిల్లో. కొత్తది రావడానికి నెల పడుతుంది, అప్పటిదాకా అతుకు అన్నాడు ఫోర్‌మన్. అతికాను. తేలిక పనికేరా బాబూ, బరువు పెడితే తట్టుకోదు అని వాడికి చెప్పాను. దవడ మీద సుద్దతో రాశాను కూడా."

ఆ ఫ్యాక్టరీలో ఏ లోపమైనా సుద్దతో చెప్పుకోవడమే పద్ధతి. మర అరిగితే సుద్ద, బెల్టు తెగేలా ఉంటే సుద్ద. కాగితాలు ఆఫీసులో వాళ్లకి.

"మరి రోలాండ్‌కి కనపడలేదా?"

"వాడప్పుడు ఆ బెంచీ మీద లేడుగా. ఆగస్టులో వచ్చాడు. అప్పటికి కొత్త దవడా రాలేదు, సుద్దా లేదు."

"ఎవరు తుడిచారు?"

ఎర్నీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిన్నే. ఎవరు తుడిచారు?"

"తుడవలేదు అబ్బాయ్. దాని మీదే రంగేశారు."

నెవిల్‌కి బుర్రలోకి ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. గోడలకి రంగేసింది బయటి మనుషులు. వైస్‌లకి మాత్రం పని నేర్చుకునే కుర్రాళ్ల చేత వేయించారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒకడు. పది నుంచి ఇరవై దాకా నెవిల్. ఆ రోజు మోచేతుల దాకా ఆకుపచ్చతో ఇంటికెళితే అన్న ఎంత నవ్వాడో కూడా గుర్తుంది. ప్రతి వైస్ మీదా ఏవో సుద్ద గీతలే, కొలతలూ బొమ్మలూ బూతులూ. అన్నిటి మీదా కుంచె లాగేశాడు. చదవలేదు.

"నేనా?" అన్నాడు.

"నువ్వు చిన్నపిల్లాడివి."

"నీకు తెలుసా? అప్పుడే తెలుసా?"

"పడిన సాయంత్రమే తెలిసింది. వైస్ విప్పుతుంటే చూశాను. నెర్రె మీద రంగద్దింది ఫోర్‌మన్. నేను పక్కనే నిలబడ్డాను. విచారణ రోజు బయట బల్ల మీద కూర్చున్నాను, నా పేరు పిలిస్తే చెప్పేద్దామని. ముందు నువ్వెళ్లావు. పైపు మాట చెప్పి వచ్చావు. ఇక ఎవర్నీ పిలవలేదు."

"పిలవకపోతే? కాళ్లు లేవా నీకు? లేచి లోపలికి నడవలేవా?"

"నడిచి ఏం చెప్పను? సుద్ద అంటే, సుద్ద మీద రంగేసింది ఎవడు అంటారు. మీ అమ్మకి అప్పటికే ఒకడు పోయాడు."

"అంటే ఇదంతా నా కోసమా? నీ కోసం కాదూ?"

ఎర్నీ రెండు చేతులూ బల్ల మీద పరిచి వాటి వంకే చూశాడు. "నా ఉద్యోగం కోసం కూడా. ఏది ఎంతో ఇన్నేళ్లుగా లెక్క తేల్చుకోలేకపోయాను."

అన్న పోయిన వారంలోనే ఎర్నీ ఫోర్‌మన్‌ని అడిగి నెవిల్‌ని తన దగ్గరికి మార్పించుకున్నాడు. ఆదివారాలు, సంతలు, అతుకుల విద్య అంతా అక్కణ్ణుంచే మొదలు. జాలి పడ్డాడనుకున్నాడు నెవిల్ ఇన్నాళ్లూ.

"కోటు వేసుకో," అన్నాడు నెవిల్ లేచి.

"ఎక్కడికి?"

"లొరెయిన్ దగ్గరికి. వాళ్ల నాన్న రోలాండ్ తన తెలివితక్కువతనం వల్లే చచ్చాడని విని పెరిగింది ఆ పిల్ల. కాదని చెప్పాలి."

"కాదంటే, మరి ఎవరు అంటుంది."

"చెబుతాను."

ఎర్నీ తలెత్తి చూశాడు. "నీ సంగతి చెప్పొద్దు. నా అతుకు అను, ఫోర్‌మన్ అను, చాలు. నేను ముసలోణ్ణి, ఎన్నాళ్లుంటాను? నువ్వు ఆ పిల్లకి ఉన్న ఒకే ఒక్క బాబాయివి."

ఆ మాట వ్యానులో ఉన్నంత సేపూ నెవిల్ చెవిలో తిరుగుతూనే ఉంది. లొరెయిన్ ప్రతి క్రిస్మస్‌కీ భోజనానికి పిలుస్తుంది. తండ్రి స్థానంలో ఆమె చెయ్యి పట్టుకుని పెళ్లిలో నడిపించింది నెవిలే. ఒక్క ముక్క తగ్గించి చెబితే అన్న పేరూ నిలబడుతుంది, లొరెయిన్‌తో బంధమూ నిలబడుతుంది. ఎర్నీ పక్క సీట్లో చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా సంచి.

లొరెయిన్ అప్పుడే పని నుంచి వచ్చింది. "ఏంటి బాబాయ్, చెప్పకుండా ఊడిపడ్డారు? ఇద్దరూ కలిసి నాకు తుప్పు పట్టినదేదో అంటగట్టడానికి కాదు కదా?" అని నవ్వుతూ టీ నీళ్లకి కెటిల్ పెట్టింది.

నెవిల్ చెప్పాడు. విరగడం, అతకడం, సుద్ద, అన్నీ వరసగా. రంగు దగ్గరికొచ్చేసరికి ఆగి, సంచిలోంచి దవడ తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్నీ అందుకుని, "రంగు వేసింది ఎవరో బయటివాళ్లు," అన్నాడు గబగబా.

"నేనే," అన్నాడు నెవిల్. "చదవకుండా పూసేశాను లొరెయిన్. తర్వాత విచారణలో తప్పు మీ నాన్నదేనని చెప్పిందీ నేనే."

కెటిల్ మరిగి దానంతటదే ఆగిపోయింది. ఎవరూ లేవలేదు.

లొరెయిన్ అడిగింది, "అమ్మ బూడిద క్లీథార్ప్స్‌లో సముద్రంలో ఎందుకు కలిపానో తెలుసా బాబాయ్?"

"వదినకి సముద్రం ఇష్టమని..."

"సముద్రమంటే అమ్మకి భయం. మోకాలి లోతు కూడా దిగేది కాదు. నాన్న పక్కన వద్దంది. పుట్టబోయే బిడ్డ ఉందని తెలిసీ పైపు తొడిగి వేళాకోళాలాడిన మనిషి పక్కన నన్ను పెట్టకు, ఎక్కడైనా పారెయ్ అంది. పారేశాను." చేతుల్లో మొహం దాచుకోలేదు, ఏడవలేదు. "ఏడేళ్లయింది. ఇప్పుడు ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టను?"

ఎర్నీ ఏదో అనబోయాడు.

"మీరు వెళ్లండి," అంది ఆయనతో. గట్టిగా కూడా అనలేదు. ఆయన టోపీ తీసుకుని లేచాడు. తలుపు దగ్గర ఒకసారి ఆగి, నెవిల్ వంక చూశాడు. నెవిల్ చూడలేదు. వీధి తలుపు మూసుకుంది.

"నేనూ వెళ్లనా?" అన్నాడు నెవిల్.

"నాన్న ఎక్కడున్నాడో చెప్పి వెళ్లు. అమ్మ నన్నెప్పుడూ తీసుకెళ్లలేదు. నాకు తెలీదు."

"నేను వస్తాను, చూపిస్తాను."

"వద్దు. నువ్వు రావద్దు. చెప్పు చాలు."

ఆమె సొరుగులోంచి ఒక పాత కవరూ పెన్నూ తీసింది. నెవిల్ చెప్పడం మొదలుపెట్టాడు. కొండ మీది శ్మశానం, కింది గేటు కాదు, పై గేటు. లోపలికెళ్లాక ఎడమకి తిరిగి, నీళ్ల కుళాయి దాటి, ఆరో వరస.

"రాయి మీద ఏమని ఉంటుంది?"

"రాయి లేదమ్మా. మీ అమ్మ వేయించనివ్వలేదు. గడ్డే ఉంటుంది. హెప్‌వర్త్ అని ఒక నల్లరాయి కనపడుతుంది. దానికీ గోడకీ మధ్యన."

హెప్‌వర్త్, అని ఆమె కవరు మీద రాసుకుంది.