కుందూ టాకీస్: ఉగాదికి విడుదల

ఉగాదికి విడుదల కావలసిన మూడు సినిమాలూ పది రోజుల ముందే, పొద్దున ఎనిమిదికల్లా, తమంతట తామే బస్సు దిగి వచ్చి మా హాలు మెట్ల మీద కూర్చున్నాయి. ఒకదాని ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. అందులో మొదటి నుంచి చివరి దాకా వానే. రెండోదానికి మాటల్లేవు. మూడోది నడుము దాకానే ఉంది. ఇంటర్వెల్ తరువాతి భాగం ఇంకా ఎవరికీ తోచలేదట.

గేటు తాళం తీస్తూ, కాఫీ తాగుతారా అని అడుగుతాను. వానది తల ఊపుతుంది. సగంది తనకూ మాటల్లేనిదానికీ టీ అంటుంది.

నా పేరు ఓబులమ్మ. ప్రొద్దుటూరులో ఈ కుందూ టాకీస్ నాది. దీన్ని ఏ పెద్ద కంపెనీకీ లీజుకివ్వలేదు, ఇవ్వను. ఎవరూ గడప తొక్కనివ్వని సినిమాలను పిలిచి మరీ ఆడిస్తాను. నాకు పిచ్చి పట్టిందంటారు. అననీ.

అసలు గొడవేమిటంటే, మా హాలు వెనక నుంచి కల్యాణ మండపమైపోతోంది. బొమ్మ పడని ప్రతి రోజూ ఒక వరస పోతుంది. తెల్లారేసరికి కుర్చీలకు తెల్ల ముసుగులు వచ్చేస్తాయి, నడుముకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుంటాయి. బాల్కనీలో సాంబారు ఉడుకుతూ ఉంటుంది. పోయిన వరసల్లో పట్టుచీరలవాళ్ళు అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు. పెళ్ళికూతురు ఎవరో వాళ్ళకూ తెలియదు.

ఇప్పుడు మిగిలింది ముందు వరస ఒక్కటే. ఈ రోజు బొమ్మ పడకపోతే రేపు అదీ పోతుంది, తెర ఉన్నచోట పెళ్ళిపీటలు పడతాయి.

"ఆ మాట చెవిన పడ్డందుకే ముందుగా బయల్దేరినాం," అంటుంది సగం సినిమా.

దాని వీపు నిమురుతాను. నాకు ఏడుపొస్తుంది, కానీ ఏడవడానికి ఇది వేళ కాదు. మ్యాట్నీకి బోర్డు పెట్టాలి.

పదకొండింటికి విడుదలల అధికారి వస్తాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. చంకలో ఆఫీసు కిటికీ. మాట్లాడాల్సి వచ్చినప్పుడు దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని రెక్క తెరుస్తాడు.

"గోడ మీద 'విడుదల' అని రాయించింది ఎవరమ్మా?"

"రాయించలేదు సార్. నేనే రాసినా, నా చేత్తోనే."

"పక్క హాళ్ళోళ్ళంతా 'వస్తోంది' అని రాసుకున్నారు. నువ్వు 'విడుదల' అన్నావు. విడుదల చెయ్యాలంటే ముందు ఎవురినో పట్టి కట్టేసి ఉండాల. వీళ్ళనెవరు పట్టినారు? ఏం నేరానికి?"

అతని మాటలో తప్పు దొరకదు. ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను, నాకే ఇది తట్టలేదు.

"నేరం లేకుంటే విడుదల లేదు. విడుదల లేకుంటే బొమ్మ లేదు. బొమ్మ లేకుంటే ముహూర్తాలు పెట్టుకోవచ్చు," అని అధికారి కిటికీ మూసేస్తాడు.

నాకు ఒళ్ళు మండుతుంది. వేలితో రెక్క మీద కొడతాను. తెరుస్తాడు.

"ఇవి ఊరూరా తిరిగినాయి సార్. యాడా హాలియ్యలేదు. వానెవరు చూస్తారన్నారు, మాటల్లేవన్నారు, సగమే ఉందన్నారు. డబ్బాల్లో పెట్టి మూతలేసినారు. కట్టేయడమంటే అది కాదా? పట్టినోళ్ళను అడగకుండా నన్నడుగుతారేమి? నేను విడిపించేదాన్ని."

వానది కార్చిన నీళ్ళు ఆయన బూట్ల దాకా వస్తాయి.

"సరే. జామీను ఎవరు?"

"నేనే."

"మనిషి పారిపోతుంది. తెర ఇయ్యి."

లోపలికి వెళ్ళి మా తెరను చాపలా చుట్టి రెండో చంకలో పెట్టుకుంటాడు. "ఇంక నిరభ్యంతరంగా ఆడించుకోమ్మా," అని బయటికి నడుస్తాడు. అయ్యవారిని చేయబోతే కోతి అయింది. విడుదల దొరికింది, తెర పోయింది.

ఆపరేటర్ దస్తగిరి పైగదిలో ఉన్నాడు. వెలుతురు వచ్చే కంతలోంచి తల బయట పెడతాడు. "అక్కా, పదకొండు మంది వచ్చి ముందు వరసలో కూర్చోనుండారు. తెర లేకుంటే బొమ్మ యాడ పడాల?"

"యాడ పడితే ఆడే తెర. వెయ్యి నువ్వు."

వేస్తాడు. తెర లేని చోట గోడ కూడా అడ్డు రాదు. వెలుతురు హాలు దాటి, గేటు దాటి, మెయిన్ బజారు మిట్టమధ్యాహ్నపు ఎండలోకి వెళ్ళి అధికారి వీపు మీద పడుతుంది. తెల్లచొక్కా మీద వాన మొదలవుతుంది. పదకొండు మందీ కుర్చీలు ఎత్తుకుని ఆయన వెనకాలే నడుస్తారు. వాళ్ళ వెనక నేను.

ఆయన ఆగి కిటికీ తెరుస్తాడు. "దింపమ్మా దీన్ని."

"నేనెక్కించలేదు సార్. అదే పడింది."

చొక్కా విప్పుతాడు. వాన ఒంటి మీద పడుతుంది. పక్కకు జరిగితే అదీ జరుగుతుంది. చివరికి కిటికీని రోడ్డు మీద పెట్టి, తెరతో సహా అందులోకి దూరి, లోపలి నుంచి గడియ పెట్టుకుంటాడు. కిటికీని ఎత్తి చూస్తే కింద తారురోడ్డే ఉంది.

బొమ్మ గాల్లో వేలాడుతుంది. ఎక్కడ పడాలో దానికి తెలియడం లేదు.

అప్పుడు పూలంగడి సుబ్బరత్నమ్మ కొలుస్తున్న మూర అక్కడే వదిలేసి లేచి, వెలుతురుకు వీపు పెట్టి నిలబడుతుంది. "నా మీద పడనీలే, ఓబులక్కా. రవికె తెల్లదే."

ఆమె పక్కన సోడాబండి ఆయన నిలబడతాడు. తరువాత పదకొండు మందీ. హాల్లోంచి పట్టుచీరలవాళ్ళు వచ్చి, అక్షింతలు దులుపుకుని, వాళ్ళూ వెలుతురుకు వీపు తిప్పి నిలబడతారు. భుజానికి భుజం ఆనించి వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా. వానది అయిపోయి మాటల్లేనిది మొదలవుతుంది. చూడ్డానికి ఎవరూ మిగల్లేదు. అందరికీ ఒంటికే తెలుస్తోంది, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వుతున్నారు.

లోపల మిగిలిన ఆ ఒక్క వరస ఏమైందో వెళ్ళి చూడను. ఇప్పుడు ఈ వీధే నా హాలు. దీన్ని ఎవరు ఏ మండపం చేసుకుంటారో చేసుకోమనండి.

వరసలో ఒక్క మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. కొంగు సర్దుకుని వెళ్ళి నిలబడతాను. సగం సినిమా మొదలవుతుంది. ఎడమ భుజం మీదికి రైలొకటి వచ్చి, నా వెన్నంతా అదిరేలా ఆగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి. సామాన్లతో, పిల్లలతో జనం ఒక్కొక్కరే నా వీపు మీదికి దిగుతున్నారు. చాలామంది ఉన్నారు. బరువుగా ఉంది.

ఆఖరి మనిషి దిగేదాకా నేను కదలను.