నిమ్మాకులో వెండి దారి

తెర మీద నాయిక ఏడుస్తోంది. చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆమెకు గొంతిస్తున్న ప్రణతి కూడా ఏడుస్తోంది. ఆ ఏడుపు సగంలో ఉండగానే ప్రణతి గొంతు పోయింది. డాక్టరు చిన్న ఆపరేషన్ చేసి, తను చెప్పేదాకా గుసగుసగానైనా మాట్లాడొద్దన్నాడు. ఏళ్ల తరబడి ఎందరి నోళ్లకో మాటలిచ్చిన మనిషి, తొండియార్‌పేటలో ఉన్న మేనత్త వాసవాంబ ఇంటికొచ్చి మౌనంగా కూర్చుంది.

మాట లేకపోయేసరికి మధ్యాహ్నాలు మరీ పొడుగయ్యాయి. హార్బరు వైపు నుంచి ఉప్పుగాలి వచ్చి మిద్దె మీద ఆరేసిన చీరల్ని ఊపుతుంటే, వాటి నీడలో ప్రణతి సగం మెలకువగా, సగం నిద్రలో ఉండేది. పక్కన పెయింటు బకెట్లో నిమ్మచెట్టు. దాని లేతాకుల నిండా మెలికలు తిరిగిన వెండి గీతలు.

"పాముపొడ పురుగు తగులుకున్నాదంట," అంది వాసవాంబ. "నర్సరీ యతిరాజులు మందిచ్చినాడు. సాయంత్రం కొడతా."

ప్రణతి కొమ్మ వంచి ఒక ఆకును ఎండకు ఎదురుగా పెట్టి చూసింది. ఆకు పైపొర కింద, వెండి గీత చివర, ఒక పసుపుపచ్చని పురుగు కదులుతోంది. నువ్వుగింజ అంత కూడా లేదు. ముందున్న పచ్చదనాన్ని తింటూ, వెనక సన్నటి నల్లదారం లాంటి మరక వదులుతూ పోతోంది. దానికి పైన ఆకాశమూ ఆకుపచ్చగానే ఉంటుంది కాబోలు అనుకుంది ప్రణతి. ఆ మధ్యాహ్నం కలలో తనూ అలాంటి పచ్చని వెలుతురులో, చప్పుడు లేని ఇరుకు దారిలో నడిచింది. ఎవరూ పిలవలేదు. హాయిగా ఉంది.

సాయంత్రం అత్త మందు తెస్తే ప్రణతి చేతులు అడ్డం పెట్టింది.

"వద్దా? చెట్టు చచ్చిపోతాదే." వాసవాంబ ఆమె ముఖం వైపు కాసేపు చూసింది. "సరి. కొన్నాళ్లు చూస్తాంలే."

మర్నాడు ఆ ఆకు మీద ఒక కందిరీగ వాలింది. చీమ కన్నా చిన్నది, ఎండలో నీలం, ఆకుపచ్చ కలిసి మెరుస్తోంది. మీసాలతో ఆకును తడుముకుంటూ వెండి గీత వెంబడే నడిచింది. సరిగ్గా పురుగు ఉన్నచోట ఆగి, పొట్ట వంచి, సూదిలాంటి కొండిని లోపలికి దించింది. ఊదితే ఎగిరిపోయేది. ప్రణతి ఊపిరి తీసుకుంది కూడా. కానీ అంత శ్రద్ధగా వెతుక్కుంటూ వచ్చినదాన్ని తరమడానికి మనసొప్పలేదు. పురుగు మళ్లీ కదల్లేదు.

వాసవాంబ పైకొచ్చేసరికి ప్రణతి చెంపలు తడిసి ఉన్నాయి.

"ఏంది, పురుగు కోసరమా?"

ప్రణతి తలూపింది. అత్త నవ్వలేదు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. "ఏడువు. సద్దు లేకుండా ఏడిస్తే గొంతుకేం గాదు."

తర్వాత ఆకులో ఇంకో పురుగు కనిపించింది. కందిరీగ దించిపోయిన గుడ్డులోంచి వచ్చిన పిల్ల. చచ్చుబడ్డ పాతదాన్ని ఆనుకుని, దాన్నే తింటూ బొద్దుగా పెరిగింది. పెరిగి, ముడుచుకుని నల్లబడింది. ప్రణతికి దాని మీద కోపం రావాలి. రాలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి చూడబుద్ధయ్యేది.

ఒక ఉదయం ఆ నల్లదాని మీద, ఆకు పొరలో గుండ్రటి రంధ్రం పడింది. అందులోంచి మెరిసే తల ఒకటి బయటికొచ్చింది.

"అత్తా, ఈడ రా."

వాసవాంబ తడిచేతులతో మెట్లెక్కి వచ్చింది. ఆకు వైపు చూడనే లేదు. "నువ్వా పిలిచింది? ఎవరో అనుకుంటిని."

ప్రణతికీ అలాగే అనిపించింది. డాక్టరు మాట మరిచి పిలిచిన ఆ గొంతు లోతుగా, కొంచెం గరుకుగా ఉంది. కొత్త కందిరీగ ముఖం తుడుచుకుని, రెక్కలు సరిచేసుకుని గాలిలో కలిసిపోయింది.

గొంతు ఇక ఇలాగే ఉంటుందన్నాడు డాక్టరు. స్టూడియోలో డబ్బింగ్ చూసుకునే విక్రమ్ ఆమె మాట విని, చేతిలో ఉన్న స్క్రిప్టు కాగితాలు తిరగేశాడు. "నాయికలకి ఇది కుదరదండీ," అన్నాడు చివరికి. "పడవ నడిపే ముసలామె పాత్ర ఒకటి ఉంది. ఎక్కువ మాట్లాడదు. చేస్తారా?"

"చేస్తాను."

దీపాలారాయి. తెర మీద నది, పొగమంచు, తెడ్డు వేస్తున్న ముసలామె. ఆమె పెదవులు కదిలేదాకా ప్రణతి తొందర లేకుండా ఎదురుచూసింది.