పాల కేంద్రానికి జాగ

ఎల్లారెడ్డికి పోయే దారిలోని ఆ ఊళ్ళో పాల కేంద్రం ఎక్కడ పెట్టాలో ఆ సాయంత్రమే తేలాలి. పాలను కామారెడ్డికి తీసుకుపోయే వ్యాన్ మర్నాటి నుంచి వస్తుంది. ఊళ్ళో ఒక్కచోటే ఆగుతుంది. అక్కడ బండి తిరిగేంత జాగ, కరెంటు ఉండాలి.

పాల సంఘం అధ్యక్షురాలు వినోద మూడు చోట్లు చూసింది. మూడోది రైస్ మిల్లు అవతల, సీతారాం చూపించిన చోటు.

"అది పైవాడకూ దూరమే, కిందివాడకూ దూరమే. ఇగ దేనికి దగ్గర సీతారామన్నా?" అంది వినోద.

"నా చాయ్ హోటల్‌కు."

కూడిన వాళ్ళందరూ నవ్వారు. ఆ చోటు పోయింది.

మిగిలినవి రెండు. కిందివాడలో బడి ముందు పెడితే ఎక్కువ మందికి దగ్గర. కానీ పైవాడ చివరింటి పెద్దవ్వ మోకాళ్ళ నొప్పులతో అంతదూరం రాలేదు. పాలు పోయలేకపోతే బర్రెను అమ్ముకోవాలి. పైవాడ గోదాం దగ్గర పెడితే ఆమె బర్రె ఉంటుంది, కిందివాడ అందరికీ నడక పెరుగుతుంది. నడుమ పెడదామంటే వ్యాన్ తిరగదు.

"నీ పాలు నేను తెస్త అవ్వా" అంది వినోద.

"వద్దు బిడ్డా. పాలల్ల వెన్న తక్కువొస్తే నిన్నే అనుమానపడుత. నా సంగతి నాకెర్క" అంది పెద్దవ్వ.

వినోద ఒక్కొక్కరినీ అడిగింది. కమలవ్వను మాత్రం అడగకుండానే బడి వైపు లెక్కేసింది. కమలవ్వ పెద్దవ్వకు యారాలు, మరిది భార్య. ఇద్దరికీ ఏనాడూ మాట కుదరదు.

"అయితే బడి కాడనే" అంది వినోద.

"నన్నెవలన్న అడిగిన్రా?" అంది కమలవ్వ.

"నీ ఇల్లు బడి పక్కనే గదా."

"ఉంటే? గోదాం కాడ పెట్టున్రి. బర్రె పోతే మా అక్క ఇల్లు కదలది. పొద్దుగాల లేచి నేనెవలితోని కొట్లాడాలె?"

"నడువస్తదా నీకు?" అంది పెద్దవ్వ.

"నీ లెక్క నా మోకాళ్ళు అరగలే."

కిందివాడ వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి వాళ్ళలో నిరోష అంది: "ముసలామెనే నడుస్తనంటే మనకేమైంది. గాని వాన పడ్డనాడు నిన్ను తిట్టుకుంటం వినోదక్కా, ముందే చెప్తున్న."

"తిట్టుకోండ్రి" అంది వినోద.

మర్నాడు గోదాం దగ్గర వరుస కట్టారు. కమలవ్వ అందరికన్నా ఆఖరున, ఆయాసపడుతూ వచ్చింది.

"ఇంతసేపా? తొవ్వల పండుకున్నవా?" అంది పెద్దవ్వ.

"దూరం నువ్వున్నవ్, నేను గాదు."

పెద్దవ్వ ఆమె చేతిలోని క్యాన్ లాక్కుని, వరుసలో తన క్యాన్‌కు ముందు పెట్టింది.