ప్రోబ్ తీశాక

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. ఈ డిజైన్ ఇంజనీరు అంతకంటే ఘనుడు. మద్దెల ఓడు అని ఊరుకోక, మద్దెల చేసినావిడనే గదిలోంచి బయటికి పంపించాడు.

ఆస్పత్రి పంపులకు కరెంటు అందించే కన్వర్టర్ అతని సొంత డిజైన్. దాని బోర్డులకు సోల్డరింగ్ చేసేది అక్క. తోడబుట్టింది కాదు గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో అతని చేత సోల్డరింగ్ ఐరన్ పట్టించింది ఆవిడే. "సన్నగా కూస్తోంది, చూడు తమ్ముడూ," అంటూ ఆమె బోర్డు తెచ్చినప్పుడల్లా అతను వోల్టేజీని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ తీగను, అంటే ప్రోబ్‌ను, దానికి ఆనించాకే కరెంటు ఇచ్చేవాడు. తెర మీద గీత తిన్నగా ఉండేది. "నీ చెవిలో హోరు, అక్కా," అన్నాడొకసారి. గదంతా నవ్వింది. తర్వాత ప్రోబ్ లేకుండా నడిపిన పరీక్షలో రెండు బోర్డులు కాలిపోయాయి. సోల్డరింగ్ లోపమని రిపోర్టు రాసి, మీటింగులో పైకి చదివాడు. ఆమెను ప్యాకింగుకు మార్చేశారు.

ఇవాళ మధ్యాహ్నం నడుస్తున్న బోర్డు మీంచి ప్రోబ్ చేయిజారి ఊడింది. కూత మొదలైంది. ఆనించాడు, ఆగింది. తీశాడు, మళ్ళీ కూసింది. వోల్టేజీని సరిదిద్దాల్సిన అతని సర్క్యూటే తొందరపడి, పెరిగితే మరీ తగ్గించి, తగ్గితే మరీ పెంచి, ఊగిపోతోంది. ప్రోబ్ తగిలించినంతసేపూ ఆ తీగ పుణ్యమా అని కుదురుగా ఉంటోంది.

అతనికి తల కొట్టేసినట్లయింది. రిపోర్టు గుట్టుగా మార్చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అన్న ఆలోచన కూడా వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గుపడ్డాడు.

ప్యాకింగు గదిలో అక్క అట్టపెట్టెకు టేపు వేస్తోంది.

"తప్పు నాదే, అక్కా. నేను ప్రోబ్ పెట్టినప్పుడల్లా కూత ఆగిపోతోంది."

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. అది తీశాక ఒక్క నిమిషం ఆగి వినమన్నాను. అప్పుడే కదా చెవిలో హోరన్నావు."

అతనికి గుర్తొచ్చింది. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది తనే.

"మళ్ళీ మన గదికి వచ్చెయ్. రిపోర్టు ఇప్పుడే మారుస్తాను," అన్నాడు చివరికి.

"మార్చి ఊరుకుంటే చాలదు. అది ఎక్కడ చదివావో ఇదీ అక్కడే చదువు. నేనూ వస్తాను."

సాయంత్రం మీటింగులో అతను కాగితం పట్టుకుని లేచాడు. అక్క చివరి కుర్చీలో కూర్చుంది. 'లోపం నా డిజైన్‌లో ఉంది' అన్న మొదటి వాక్యాన్ని కాగితంలోకే గొణిగాడు.

"వినపడలేదు," అంది అక్క. "నాకు చెవిలో హోరు కదా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను మొదటి నుంచి మళ్ళీ, గట్టిగా చదివాడు.