పెర్ల్‌మన్‌గారి శాలువా కుచ్చులు

శ్యామసుందరి చేతిలో పడ్డ గుడ్డ ఇచ్చింది ఇచ్చినట్టుగా తిరిగి వెళ్లిన దాఖలా లేదు. ఫాల్ కుట్టమని ఇచ్చిన చీరకి పికో కూడా చేసి, ఊడబోతున్న జరీ అంచు బిగించి, "మీరు అడగలేదు గానీ చూస్తూ ఊరుకోలేకపోయాను" అని అప్పజెప్పడం ఆవిడకి అలవాటు. ఏలూరులో పట్టుకున్న ఈ జబ్బు మెల్‌బోర్న్ వచ్చాక ముదిరిందే గానీ తగ్గలేదు. అక్కడి కార్నెగీ పేటలో వాళ్ల యూనిట్ ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన బుట్టలో పట్టుదారాలు, క్రోషా సూదులు, పూసల సీసాలు ఉంటాయి. క్లేటన్ నుంచి పాయింట్ కుక్ దాకా ఏ తెలుగింట్లో పెళ్లయినా పమిట చెంగులకి కుచ్చులు కట్టేది ఆవిడే. ఆవిడ కట్టిన కుచ్చుల్లో ఒక్క పోగు పొట్టిగా ఉందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అంటే ఆవిడ పడే మనిషీ కాదు.

పక్క యూనిట్లో పెర్ల్‌మన్‌గారు ఉంటారు. ఎనభై రెండేళ్ల యూదు పెద్దాయన, భార్య పోయి ఆరేళ్లయింది, నాలుగేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. జూలై నెల చలిలో ఓ మంగళవారం ఆయన నల్లచారల తెల్ల ఉన్ని శాలువా ఒకటి పట్టుకొచ్చారు. ప్రార్థనప్పుడు కప్పుకునే శాలువా, వాళ్ల నాన్నగారిది. దాని నాలుగు మూలలకీ తెల్లదారాల కుచ్చులు నాలుగు వేలాడాలి. ఒక మూల కారు తలుపులో పడి చిరిగి, ఆ కుచ్చు కాస్తా ఊడిపోయింది. శనివారం పొద్దున ఆయన మనవడికి పదమూడేళ్ల వేడుక. వాడు సినగాగ్ అనే వాళ్ల గుడిలో అందరి ముందూ మొదటిసారి వాళ్ల గ్రంథం చదువుతాడట, పక్కన తాతగారు ఈ శాలువా కప్పుకుని నిలబడాలట.

"మూల కుట్టి పెడితే చాలు, మిసెస్ రావ్. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారాయన.

ఆ రెండో వాక్యం శ్యామసుందరి చెవిలో పడింది గానీ బుర్రలోకి దిగలేదు. బుధవారం మధ్యాహ్నం మొగుడి పాత పంచెలోంచి జానెడు ముక్క కత్తిరించి, లోపలివైపు అతుకు వేసి, మూలని ఇంకో యాభై ఏళ్లు ఉండేలా కుట్టింది. మామూలు మనిషైతే అక్కడితో ఇస్త్రీ చేసి మడతపెట్టేది. ఈవిడ కళ్లజోడు పెట్టుకుని మిగతా మూడు కుచ్చులూ చూడటం మొదలుపెట్టింది.

చూసిన కొద్దీ ప్రాణం ఉసూరుమంది. దారాలు పాతబడి పచ్చబడ్డాయి. పైనించి కింది దాకా అయిదు జంటముడులు, ముడికీ ముడికీ మధ్య దారం చుట్లు. ఆ చుట్లు లెక్కపెడితే మొదట ఏడు, తర్వాత ఎనిమిది, ఆ తర్వాత పదకొండు, చివర పదమూడు. ముడులు తలోవైపుకీ ఒరిగి ఉన్నాయి. కట్టినవాడికి లెక్క రాదనీ, చెయ్యి కుదురు లేదనీ ఆవిడ తేల్చేసింది. రెండో మూలా అంతే, మూడో మూలా అంతే. ఒకే తప్పు ఇంత నియమంగా మూడుసార్లు జరిగిందంటే అది తప్పు కాదేమోనన్న అనుమానం ఇంకెవరికైనా వచ్చేది. శ్యామసుందరికి మాత్రం జాలి వేసింది. పాపం, పెద్దాయన మొహమాటపడి కుచ్చుల సంగతి అడగలేదనుకుంది.

కత్తెర తీసుకుని మూడు కుచ్చులూ కోసేసింది. గురువారం అంతా కూర్చుని మీగడరంగు పట్టుదారంతో నాలుగు మూలలకీ నాలుగు కొత్త కుచ్చులు కట్టింది. ముడికీ ముడికీ మధ్య పదేసి చుట్లు లెక్క తప్పకుండా చుట్టి, పోగులన్నీ సమంగా కత్తిరించి, మధ్యలో ఒక్కో ముత్యపు పూస కూడా పెట్టింది. పాత దారాలు దేవుడి సామాను కాబట్టి చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక, నిర్మాల్యం వేసినట్టు గులాబీ కుండీలో మట్టి తవ్వి పూడ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి పెర్ల్‌మన్‌గారు వచ్చారు. ఆవిడ శాలువా విప్పి, నాలుగు మూలలూ బల్ల మీద పరిచి, మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆయన ముందు కుట్టిన మూల చూసి తల ఊపారు. తర్వాత కుచ్చు పట్టుకున్నారు. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"చాలా అందంగా ఉన్నాయి. పాతవి ఏవి?" అన్నారు.

ఆవిడ కుండీ వైపు చెయ్యి చూపించింది.

"ఆ ముడులు మా నాన్న వేశారు" అన్నారాయన. కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

నలభై ఏళ్ల కుట్టుపనిలో ఒకరి గుడ్డ పాడుచేసిందన్న మాట శ్యామసుందరి పడలేదు. ఇప్పుడు పాడుచేసింది గుడ్డని కూడా కాదు. అప్పటిదాకా సోఫాలో టీవీ చూస్తున్న ఆవిడ మొగుడు గోపాలరావు సౌండు తగ్గించాడు.

"నీకు చెప్పింది కార్నర్ స్టిచ్ చెయ్యమని కదే. కుచ్చులు రీప్లేస్ చెయ్యమని ఎవరన్నారు?" అన్నాడు, మెల్లిగా తెలుగులో.

పెర్ల్‌మన్‌గారు వాళ్ల మతగురువుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. ఆ గురువుగారు హడావిడిలో ఉన్నారు, శుక్రవారం సూర్యుడు దిగేలోపు వాళ్లకి పనులన్నీ అయిపోవాలి. అయినా ఓపిగ్గా విని, ఒక్కొక్క ప్రశ్నే అడిగారు. అతుకు వేసిన గుడ్డ ఏమిటి, నారబట్ట కాదు కదా అన్నారు. ఉన్నీ నారా కలిపిన బట్ట వాళ్లు కట్టకూడదట. నూలు పంచె అని శ్యామసుందరి చెప్పింది. మంగళగిరి పంచె, తనదే, తనని అడక్కుండానే కోసిందని గోపాలరావు సోఫాలోంచి చేర్చాడు. పంచె పనికొస్తుందని తీర్పు వచ్చింది. కుట్టు ఎవరు కుట్టినా చెల్లుతుంది. పాత దారాలు అవమానపరచకుండా మట్టిలో పెట్టడం మంచి పని, వాటిని అక్కడే ఉండనివ్వమన్నారు. కుచ్చులు మాత్రం చెల్లవు. ఆ దారం అందుకోసమే వడికినదై ఉండాలి, కట్టేవాళ్లు యూదులై ఉండాలి, ఇది దేవుడి ఆజ్ఞ కాబట్టి కడుతున్నానని మనసులో అనుకుని కట్టాలి. ఏడు, ఎనిమిది, పదకొండు, పదమూడు అన్నది వాళ్ల పెద్దల లెక్క.

శ్యామసుందరి అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. పాత ముడులు తనకి పొల్లుపోకుండా గుర్తున్నాయనీ, సరైన దారం ఇస్తే గంటలో కట్టేస్తాననీ, మనసులో అనుకోవడం పెర్ల్‌మన్‌గారు పక్కన కూర్చుని అనుకోవచ్చుననీ బేరం పెట్టింది. అనుకునే మనసూ కట్టే చెయ్యీ ఒకే మనిషివి కావాలని గురువుగారు నవ్వుతూనే చెప్పారు. కావాలంటే ఒక విద్యార్థిని పంపిస్తాననీ, పది నిమిషాల్లో కట్టేస్తాడనీ అన్నారు.

"వద్దు. మా నాన్న కట్టిన చోట ఇంకెవరో కట్టడం నాకు ఇష్టం లేదు. నేనే కడతాను" అన్నారు పెర్ల్‌మన్‌గారు, వణికే చేతుల్ని ఒళ్లో పెట్టుకుని.

ఫోన్ పెట్టేశాక శ్యామసుందరి గొణుక్కుంది. ఇంత అందమైన కుచ్చు చెల్లదా, ఏం చోద్యమిది అంది. గోపాలరావు చొక్కా గుండీ విప్పి జంధ్యం బయటికి లాగి చూపించాడు.

"రేపు దీన్ని నువ్వు నైలాన్ దారంతో క్రోషా వేసి, పూస గుచ్చి ఇస్తే నేను వేసుకుంటానా?"

శ్యామసుందరి కత్తెర అందుకుంది. తను కట్టిన నాలుగు కుచ్చుల్నీ తనే కోసింది. నాలుగోది కోస్తుంటే ముత్యం జారి సోఫా కిందికి పోయింది, తీయడానికి కూడా మనసు రాలేదు. గురువుగారు చెప్పిన కొలతలో, అంచుకి బొటనవేలి కణుపుకన్నా పైన, మూడు వేళ్లలోపు, కొత్త మూలకి కన్నం వేసి చుట్టూ కాజా కుట్టింది. అక్కడికి ఆవిడకి అనుమతి ఉన్న పని అయిపోయింది.

పెర్ల్‌మన్‌గారు ఇంటికెళ్లి దారాల ప్యాకెట్ తెచ్చారు. ఒక మూల కోసం కొన్న ప్యాకెట్టే గానీ అందులో నాలుగు మూలలకీ సరిపడా దారాలుంటాయట. మూడుంపావు అయింది. నాలుగూ యాభై దాటితే వాళ్ల విశ్రాంతిరోజు మొదలవుతుంది, ఆ తర్వాత ముడి వేయకూడదు.

ఆయన ఏదో మంత్రంలా అనుకుని, నాలుగు దారాలు కన్నంలో దూర్చి, సగానికి మడిచి మొదటి ముడి వేశారు. జారిపోయింది. మళ్లీ వేశారు. శ్యామసుందరి చెయ్యి దానంతటదే బల్ల మీదకి వెళ్లింది. "మిసెస్ రావ్" అన్నారాయన. చెయ్యి వెనక్కి వచ్చింది. అది మూడోసారి కూడా జరిగాక, ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పురుళ్లప్పుడు కూడా అంత ఓర్చుకోలేదని తర్వాత కూతురు గీతికతో ఫోన్లో చెప్పుకుంది.

చేతులకి పని లేదు గానీ నోటికి అడ్డం లేదు. చుట్లు ఆవిడ లెక్కపెట్టింది. ఒకటి, రెండు అని తెలుగులోనే, ఎందుకంటే కంగారులో ఆవిడకి ఇంగ్లీషు అంకెలు పలకవు. రెండో మూలకి వచ్చేసరికి పెర్ల్‌మన్‌గారికి తెలుగు అంకెలు ఏడు దాకా వచ్చేశాయి. దారం ఎక్కడ బొటనవేలితో అదిమి పట్టాలో, ముడి బిగించేటప్పుడు మోచెయ్యి ఎలా బల్లకి ఆనిస్తే వణుకు తగ్గుతుందో ఆవిడ చెబుతుంటే ఆయన చేశారు. ఒక ముడి ఎడమకి పోయింది, ఇంకోటి కుడికి. పదకొండు చుట్లలో మూడు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆవిడకి తొడల కింద చేతులు తిమ్మిరెక్కాయి. గోపాలరావు గడియారం ముందు నిలబడి నిమిషాలు చెబుతుంటే, నోరు మూసుకోమని ఇద్దరూ చెరో భాషలో చెప్పారు.

నాలుగో మూల చివరి వరసకి వచ్చేసరికి నాలుగూ నలభై నాలుగు. పెర్ల్‌మన్‌గారి వేళ్లు ఇక మాట వినడం లేదు. ఎలాగో చుట్టి, ముడి వేయబోయారు.

"పన్నెండే అయ్యాయి. ఇంకోటి ఉంది" అంది శ్యామసుందరి.

"ఎవరు లెక్కపెడతారు?"

"నేను."

ఆయన ఆవిడ వైపు చూసి, ముడి వదిలేసి, ఇంకో చుట్టు చుట్టారు. రెండు ముడులూ వేసి, పళ్లతో పట్టుకుని బిగించారు. నాలుగూ నలభై ఎనిమిది.

శాలువా తీసి భుజాల మీద కప్పుకుని, నాలుగు మూలలూ ముందుకి తెచ్చి చూపించారు. ఎలా ఉందని అడిగారు. రేపు అందరి ముందు నిలబడాలి, ఉన్నదున్నట్టు చెప్పమన్నారు.

కుట్టు విషయంలో శ్యామసుందరికి అబద్ధం రాదు, సొంత ఆడపడుచు బ్లౌజు గురించి కూడా ఆడలేదు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో కుచ్చూ పైనించి కిందికి చూసింది. ముడులు తలోవైపుకీ ఒరిగి ఉన్నాయి. ఏడు, ఎనిమిది, పదకొండు, పదమూడు సరిగ్గానే ఉన్నాయి. అలాంటి ముడుల్ని ఆవిడ రెండు రోజుల కిందటే ఇంత దగ్గర్నుంచి చూసింది. తన తర్వాత వాటిని అలా చూసే మనిషి లోకంలో ఇంకెవరూ ఉండరని తట్టింది.

"వంకరగా ఉన్నాయి. అచ్చం మీ నాన్నగారు కట్టినట్టే ఉన్నాయి" అంది.

పెర్ల్‌మన్‌గారు శాలువా నెత్తి మీదుగా లాక్కుని మొహం కప్పుకున్నారు. మూడో మూల కుచ్చులో ఒక పోగు మిగతావాటికన్నా బెత్తెడు పొడుగ్గా వేలాడుతోంది. శ్యామసుందరి దాన్ని చూసింది. చూసి, చేతులు కట్టుకుని ఊరుకుంది.