ఆఖరి వాయి

లోపలాయన పిండి తొట్టి మీదికి వంగి, మోచేతులదాకా ముంచి, ఒళ్ళంతా ఊపుతూ పిసుకుతున్నాడు. ముక్కు చివరికి జారిన చెమటను భుజానికి తుడుచుకుంటున్నాడే గానీ చేతులు ఆపడం లేదు. రొట్టెల కొట్టు వెనకగదిలో, ఇటుక బట్టీ ఎదురుగా గడిచిన బతుకు. అందుకే ఊరు ఆయనకు ఆ పేరు పెట్టింది. ముందు గల్లా దగ్గర కూర్చునే తమ్ముడు మాత్రం అందరికీ ‘రొట్టెలాయన’. సొమ్మొకడిది, సోకొకడిదంటే ఇదే కదా అని లోపలాయనకు కడుపు మండేది. బట్టీ అయినా ఏదో ఒక పూట చల్లారేది, ఆ మంట చల్లారింది లేదు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఎదురు వరసలో మేడమెట్ల కింది బట్టల కొట్టు, దాని పక్కన తాతల నాటి అచ్చాఫీసు ఇప్పటికే నేలమట్టమయ్యాయి. రేపు వీళ్ళ వంతు. పొద్దుటినుంచీ జనం వస్తూనే ఉన్నారు. పోయిన కొట్లను ఒక్కొక్కటే తలుచుకుని, చివరికి తమ్ముడి చేతులు పట్టుకుని, ఇంత మెత్తటి రొట్టె ఇక ఎవరు పెడతారని వాపోతున్నారు. అంతా అన్నయ్య పనేనని తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. అదీ పెద్దమనసు కింద తమ్ముడి పేరుకే జమ అవుతోంది. అడ్డుగోడ వెనక లోపలాయన పిండిని ఎత్తి బల్లమీద దబ్బున కొట్టాడు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక తమ్ముడు లోపలికి వచ్చాడు, చొక్కా చేతులు పైకి మడుచుకుని.

“అన్నయ్యా, ఒక్క ముద్ద నన్ను పిసకనీ. రేపటినుంచి ఎలాగూ ఉండదు.”

“ముందంతా నీదే. ఈ బల్ల కూడా కావాలా?”

తమ్ముడు బట్టీవైపు తిరిగాడు. “నాన్న నీకు పని నేర్పాడు. నన్ను చిల్లరివ్వడానికి కూర్చోబెట్టాడు. నిన్ను చూసి ఎంత కుళ్ళుకున్నానో నీకేం తెలుసు” అన్నాడు.

ఇదో కొత్త వేషం అనుకున్నాడు లోపలాయన. ట్రేలు తీసుకుని పెరట్లోకి పోయాడు. కావాలనే వాటిని తోమిందే తోముతూ కూర్చున్నాడు.

కొట్టు ముందునుంచి ఎవరో పిలిస్తే తడిచేతులతోనే వెళ్ళాడు. తమ్ముడు కుర్చీలో గోడకి ఆనుకుని ఉన్నాడు. రొట్టె కోసం వచ్చిన టీచరమ్మ, కునుకు తీస్తున్నాడనుకుని కాసేపు ఊరికే నిలబడిందట. లోపలాయన తమ్ముడి భుజంమీద చెయ్యి వేస్తే తల పక్కకి వాలిపోయింది.

ఇల్లు జనంతో నిండింది. ఆయనతోపాటే ఆ రొట్టె రుచీ పోయిందని ఎవరో అన్నారు. తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని కూడా లోపలాయనకు చురుక్కుమంది. తనమీద తనకే రోత పుట్టి, బట్టీ ఆర్పి వస్తానని లేచాడు.

కొట్టు ఇంకా వెచ్చగానే ఉంది. బల్ల చివర తడిగుడ్డ కింద ఏదో ఉబ్బెత్తుగా కనిపించింది. తను పెట్టింది కాదు. గుడ్డ తీశాడు. సరిగా పిసకని పిండిముద్ద, ఒకపక్క గట్టిగా, ఒకపక్క జారుగా. నడుమ తమ్ముడి వేళ్ళ గుంటలు. పిండి పొంగుతోంది. ఆ గుంటలు ఒక్కొక్కటే మెల్లగా పూడుకుంటున్నాయి.