మా ఆయన కనిపెట్టిన అయస్కాంతం

ఆదివారం పొద్దున్నే ల్యాబు కోట్లు రెండూ ఉతికాను. మా ఆయనది మల్లెపువ్వు, నాది మసిగుడ్డ. "చూశావా, మావాడు ఎంత శుభ్రంగా పనిచేస్తాడో!" అని మురిసిపోయారు అత్తగారు. పనిచేస్తేగా మరక పడేది అనుకుని గట్టిగా పిండాను.

ఆ మరక కాల్షియం హెక్సాబోరైడ్‌ది. ఒక్క కాల్షియానికి ఆరు బోరాన్లు. అత్తింట్లో కోడలి లెక్కే. ఇనుము నీరైపోయే వేడిలో కూడా దానికి చెమటైనా పట్టదు. రాగి పోతపోసేవాళ్లు చిటికెడు వేస్తే, కరిగిన రాగిలోని ఆక్సిజన్‌ని గుటుక్కున మింగేస్తుంది. కరెంటు పోనిస్తావా అంటే మాత్రం మా మామగారిలా అవుననీ అనదు, కాదనీ అనదు. సెమీకండక్టర్ అంటే అదే మరి. మా ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే ల్యాబు. పొడి కలిపేదీ, కొలిమి కాసేదీ, స్ఫటికాలు తీసేదీ నేను. వాటి గురించి సభల్లో మాట్లాడేది ఆయన.

స్ఫటికాన్ని నేను ప్లాస్టిక్ పట్టకారుతోనే పట్టుకుంటాను. "నీ వంటింటి చాదస్తం ఇక్కడ కూడానా?" అంటూ ఓ రోజు ఆయన ఇనప పట్టకారుతో తీసి కొలిచారు. ఇనుము పొడ కూడా లేని స్ఫటికం కాస్తా అయస్కాంతమై కూర్చుంది! ఆయన కాళ్లు నేలమీద ఆనలేదు.

"ఏవండీ, పట్టకారు ఇనుము అంటుకుని ఉంటుంది. యాసిడ్‌లో ఒక్కసారి కడిగి చూద్దాం. ఇనుమే పోతుంది, స్ఫటికానికేం కాదు."

"ఏదో ఒకటి కడగందే నీకు పొద్దుపోదా?"

లోకమంతా చాటేశారు. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లు చేసి పొగిడారు. ఒక్కరికైనా ఆయన నా పేరు చెప్పలేదు. ఇంతలో వేరే ల్యాబు వాళ్లు అలాంటిదే చేసి, కడిగి చూశారు. అయస్కాంతం కాస్తా తూములో కలిసింది.

ఈ ఆదివారం ఉతికిన ఆ కోట్లు ఆరేస్తుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. గొంతులో ఎన్నడూ లేని తేనె.

"ఆ స్ఫటికం చేసింది నువ్వేనని డైరెక్టరు గారికి చెప్పేశాను. రేపు మీటింగులో పొరపాటు నీదేనని ఒక్క మాట అనెయ్."

"నన్ను అడక్కుండానే?"

"ఇద్దరిలో ఒకరి పేరైనా నిలబడాలి కదే. ఉద్యోగం పోతే నీకేం, ఇల్లుంది."

ఇన్నేళ్లలో పైవాళ్ల దగ్గర ఆయన నా పేరెత్తడం ఇదే మొదటిసారి. ఇందుకు! అరవాలనిపించలేదు, ఏడవాలనీ అనిపించలేదు. తడి చేతులు చీర చెంగుకు తుడుచుకున్నాను.

"సరేనండీ, అది చేసింది నేనేనని చెబుతాను."

"నాకు తెలుసు, నువ్వు నా మాట కాదనవని."

"ఇన్నాళ్లూ మీరు పేరు తెచ్చుకున్నవన్నీ చేసింది కూడా నేనేనని చెబుతాను."